డెబ్భై ఒకటి వస్తే పెన్షన్ లేదు: తెలివిని కొలిచిన కథ

పదో తరగతి మార్కులు, ఎంసెట్ ర్యాంకు, క్యాంపస్ ఇంటర్వ్యూలో రీజనింగు టెస్టు, ఉద్యోగంలో చేరాక ఏడాదికోసారి అప్రైజలు రేటింగు. మన ఐటీ జనాల జీవితచరిత్ర రాయమంటే ఈ నాలుగు అంకెలు రాసి కింద సంతకం పెట్టేయొచ్చు. పెళ్ళిచూపుల్లో ఐదో అంకె ఒకటి అడుగుతారనుకోండి, అది వేరే సంగతి :)

నేనుండేది సరూర్‌నగర్‌లో. చెరువు వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డెక్కి చైతన్యపురి దాకా నడిస్తే చాలు, ఎటు చూసినా కోచింగు బోర్డులే. గ్రూప్స్, బ్యాంకులు, ఎస్సై, కానిస్టేబులు... పరీక్ష ఏదైనా ‘రీజనింగు స్పెషల్ బ్యాచ్’ మాత్రం తప్పనిసరి. 2, 6, 12, 20 తరవాత ఏమొస్తుంది? ఈ నాలుగు బొమ్మల్లో జతకూడనిది ఏది? నల్గొండ నుంచో ఖమ్మం నుంచో వచ్చి హాస్టల్ గదుల్లో నలుగురేసి సర్దుకుని, ఏళ్ళ తరబడి ఈ బొమ్మలతోనే కుస్తీ పట్టే కుర్రాళ్ళు మా వీధుల నిండా ఉంటారు.

అసలీ ప్రశ్నలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? మనిషి తెలివిని కొలవొచ్చని మొదట ఎవడికి తోచింది? ఎందుకు తోచింది? ఆ కుతూహలంతో చదవడం మొదలుపెడితే కథ లండన్‌లో బయల్దేరి, పారిస్, న్యూజెర్సీ, నీలగిరి కొండలు, కాకినాడ తిరిగి చివరికి మన ‘సదరం’ క్యాంపు దగ్గర తేలింది. ఇంత తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. ప్రతి కొలతా ఎవరో అడిగిన ఒక ప్రశ్నకి జవాబుగా పుడుతుంది. ఆ ప్రశ్న ఊడిపోయి అంకె ఒక్కటీ మిగిలినప్పుడల్లా ఎవరో ఒకరి కొంప మునిగింది.

సరే, మొదట్నుంచీ వద్దాం.

పరీక్ష పెట్టి మనుషుల్ని ఎంచుకోవడం కొత్తేం కాదు. చైనాలో ప్రభుత్వోద్యోగాలకి వెయ్యేళ్ళకి పైగా పరీక్షలు పెట్టారు. మన దేశాన్ని ఏలడానికొచ్చే దొరలకి కూడా 1855 నుంచి లండన్‌లో పోటీపరీక్ష పెట్టేవాళ్ళు. కాకపోతే ఆ పరీక్షలు అడిగింది ‘నీకేం వచ్చు?’ అని. ‘నీ బుర్ర ఎంత?’ అని అడగడం ఫ్రాన్సిస్ గాల్టన్‌తో మొదలైంది.

గాల్టన్ దొరగారు డార్విన్‌కి కజిన్. డబ్బున్న మారాజు, చేతిలో బోలెడు ఖాళీ సమయం, కనపడిందల్లా కొలిచే పిచ్చి. మేధావితనం వంశపారంపర్యం అంటూ 1869లో ఒక పుస్తకం రాశాడు. 1884లో లండన్‌లో ఆరోగ్య ప్రదర్శన జరిగితే అందులో ఒక స్టాల్ తెరిచాడు. మూడు పెన్నీలు ఇస్తే చాలు, ఎత్తు, బరువు, ఊపిరి బలం, పిడికిలి పట్టు, చూపు, వినికిడి, చప్పుడు వినగానే ఎంత త్వరగా స్పందిస్తావు, ఇవన్నీ కొలిచి ఒక కార్డు చేతిలో పెట్టేవాడు. మన నుమాయిష్‌లో బరువు చూసే మిషను దగ్గర క్యూ కడతామే, అచ్చం అలా 9,337 మంది క్యూ కట్టి డబ్బులిచ్చి మరీ కొలిపించుకున్నారు!

ఇంద్రియాలు చురుగ్గా ఉంటే బుర్ర కూడా చురుగ్గా ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్నే అమెరికాకి పట్టుకెళ్ళిన కాటెల్ 1890లో ‘మెంటల్ టెస్ట్’ అనే మాట పుట్టించాడు. కొలంబియా యూనివర్సిటీలో విద్యార్థులందరికీ ఈ కొలతలు తీశాడు. తీరా 1901లో కాటెల్ శిష్యుడే, క్లార్క్ విస్లర్, ఆ కొలతల్నీ ఆ విద్యార్థుల మార్కుల్నీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టాడు. రెండిటికీ సంబంధం దాదాపు సున్నా! గురువుగారి దుకాణాన్ని శిష్యుడు మూయించాడన్నమాట. ఇక్కడ తమాషా ఏంటంటే, విస్లర్ వాడిన కోరిలేషన్ అనే పనిముట్టు కూడా గాల్టన్ మొదలుపెట్టి పియర్సన్ చెక్కినదే. మనం రోజూ డేటా సైన్సు పేరుతో వాడే రిగ్రెషన్, కోరిలేషన్, ఫ్యాక్టర్ ఎనాలిసిస్, ఇవన్నీ మనుషుల్ని కొలవాలన్న ఈ దురద లోంచి పుట్టుకొచ్చినవే. మీ పైథాన్ లైబ్రరీలో సగం ఫంక్షన్ల ఇంటిపేరు అదే.

గాల్టన్ ఇంకో మాట కూడా పుట్టించాడు, 1883లో: ‘యూజెనిక్స్’. మంచి విత్తనాన్ని పెంచాలి, చెడ్డ విత్తనాన్ని ఆపాలి, మనుషుల్లో కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు పారిస్. ఫ్రాన్సులో 1882 నుంచి బడి చదువు తప్పనిసరి చేశారు. అంతకుముందు బడి మొహం చూడని పిల్లలు కూడా తరగతుల్లోకి వచ్చారు. వాళ్ళలో కొందరు ఎంత చెప్పినా వెనకబడిపోతున్నారు. వాళ్ళని ఏం చేయాలి? టీచరుకి నచ్చని అల్లరి పిల్లాణ్ణి కూడా ‘వీడికి బుర్ర లేదు’ అని పిచ్చాసుపత్రికి తోసేసే ప్రమాదం ఉంది. 1904లో ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో ఆల్ఫ్రెడ్ బినే ఉన్నాడు. తన ఇద్దరు కూతుళ్ళని కూర్చోబెట్టుకుని వాళ్ళు ఎలా ఆలోచిస్తున్నారో ఏళ్ళ తరబడి గమనించిన మనిషి. తియొడోర్ సిమో అనే డాక్టరుతో కలిసి 1905లో 30 చిన్న చిన్న పనుల పట్టిక తయారుచేశాడు. వెలుగుతున్న అగ్గిపుల్లని కళ్ళతో వెంబడించడం దగ్గర మొదలు. వస్తువుల పేర్లు చెప్పడం, అంకెలు విని తిరిగి చెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో చెప్పడం, కాయితానికీ అట్టకీ తేడా ఏంటో చెప్పడం... ఇలా కష్టం పెరుగుతూ పోతుంది. చైనావాళ్ళు తమ వెయ్యేళ్ళ పరీక్షని ఎత్తేసింది కూడా ఆ 1905లోనే!

1908లో దాన్ని సవరించి, ఏ వయసు పిల్లలు మామూలుగా ఏ పని చేయగలరో లెక్క వేశాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆరేళ్ళ పిల్లల పనుల దగ్గర ఆగిపోతే వాడికి బడిలో అదనపు సాయం కావాలి. అంతే, బినే అడిగిన ప్రశ్న అదొక్కటే: ఈ పిల్లాడికి ఇవాళ సాయం కావాలా? ఎక్కడ?

కొత్తపేటలో మొన్నమొన్నటి దాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది కదా (2021లో బాటసింగారం వైపు తరలించారు). మామిడికాయల్ని సైజు చూసి వేరు చేసి పోసేవాళ్ళు. ఆ గ్రేడు ఆ రోజు రేటు కోసం. దాన్ని చూసి ‘ఈ చెట్టు జాతే అంత, దీనికి పుట్టే మొక్కలూ ఇంతే’ అని ఏ వ్యాపారీ చెప్పడు. బినేకి కూడా ఈ భయమే ఉండేది. తెలివి అనేది పొడవూ వెడల్పూ లాంటిది కాదనీ, దాన్ని ఒక్క అంకెతో తేల్చలేమనీ, ఒకసారి ‘మందమతి’ అన్న ముద్ర పడితే టీచరు ఆ పిల్లాణ్ణి వదిలేస్తాడనీ పదేపదే హెచ్చరించాడు. బుద్ధికి కూడా వ్యాయామం ఉంటుందని వాదించి, ప్రత్యేక తరగతుల్లో చేయించడానికి అభ్యాసాలు సూచించాడు. 1911లో, 54 ఏళ్ళకే పోయాడు.

ఆయన అలా పోయాడో లేదో, జర్మనీలో విలియం స్టెర్న్ 1912లో మానసిక వయసుని అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో టెర్మన్ దాన్ని వందతో గుణించాడు. అదీ ఐక్యూ పుట్టుక. ఒక భాగహారం, ఒక గుణకారం. పిల్లాడు ఏ పని దగ్గర ఆగాడు, ఎందుకు ఆగాడు అన్న వివరమంతా ఎగిరిపోయి ఒక్క అంకె మిగిలింది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే లాగ్ ఫైలు డిలీట్ చేసి ఎగ్జిట్ కోడ్ ఒక్కటి ఉంచుకున్నట్టు.

బినే పట్టికని అంతకు ముందే అమెరికాకి తెచ్చినవాడు హెన్రీ గొడ్డార్డ్. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో, బుద్ధి ఎదగని పిల్లల కోసం నడిపే స్కూల్లో పనిచేసేవాడు. (ఈ ఊరి పేరు కూడా గుర్తుపెట్టుకోండి.) బినే సాయం కోసం చేసిన పట్టిక గొడ్డార్డ్ చేతిలో ఏరివేత జల్లెడ అయింది. ఇప్పుడు తిట్టుగా వాడే ‘మోరాన్’ అనే మాట 1910లో ఆయన శాస్త్రీయంగా తయారుచేసిన పదం. 1913లో మనుషుల్ని పంపి, న్యూయార్క్ రేవులో ఓడ దిగిన వలసదారులకి దుబాసీని పెట్టి ఈ పరీక్ష చేయించాడు. వారాల తరబడి ఓడ అడుగున పడి వచ్చి, భాష తెలియక బిక్కుబిక్కుమంటున్న మనిషిని కూర్చోబెట్టి బొమ్మ గీయమంటే ఏం గీస్తాడు పాపం? చాలామంది మందబుద్ధులని తేల్చాడు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో సైన్యంలో చేరినవాళ్ళకి మూకుమ్మడి పరీక్షలు పెట్టారు. చదువొచ్చినవాళ్ళకి ఆల్ఫా, రానివాళ్ళకి బొమ్మలతో బీటా. సుమారు 17 లక్షల మంది రాశారు. మన దిల్‌సుఖ్‌నగర్ రీజనింగు పేపరుకి నిజమైన ముత్తాత ఇదే. అంకెల వరసలు, కలగాపులగం వాక్యాలు, జత కలపడాలు, బహుళైచ్ఛిక సమాధానాలు, గడియారం పట్టుకుని టైము. ఆల్ఫాలో క్రిస్కో అంటే ఏంటని ఒక ప్రశ్న. అది అమెరికా వంటింట్లో వాడే నూనెముద్ద బ్రాండు. పుట్టుతెలివి కొలిచే పరీక్షలో అది ప్రశ్న! దేవరకొండ రైతుని పిలిచి ‘పెపరోని అంటే ఏమిటి’ అనడిగి, చెప్పలేకపోతే బుర్ర తక్కువని రాసుకున్నట్టు. చివరికి తెల్ల అమెరికన్ సిపాయి సగటు మానసిక వయసు 13 అని తేలింది. పరీక్షలో ఏదో తేడా ఉందని అనుమానించాలా వద్దా? లేదు, దేశం మందబుద్ధులతో నిండిపోతోందని గగ్గోలు పెట్టారు.

ఆ లెక్కల్ని పట్టుకుని కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర ఐరోపా వాళ్ళు తెలివైనవాళ్ళు, దక్షిణ, తూర్పు ఐరోపా వాళ్ళు తక్కువ, నల్లవాళ్ళు ఇంకా తక్కువ అని. మరుసటేడే, 1924లో, అమెరికా వలసచట్టం తెచ్చి దేశాలవారీ కోటాలు బిగించింది, ఆసియావాళ్ళకి తలుపు దాదాపు మూసేసింది. ఈ పరీక్షలు ఆ చట్టానికి ఎంతవరకు కారణమన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఆ పుస్తకం చాలు. ఆ కోటాలు 1965లో ఎత్తేశాకే మన డాక్టర్లూ ఇంజినీర్లూ విమానాలెక్కారు. డల్లాస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళకి ఈ చరిత్ర అంత దూరపుదేం కాదు. ఇక యూజెనిక్స్ చేసిన ఘోరం వేరే. బుద్ధి తక్కువవాళ్ళని పేరు పెట్టి అమెరికా రాష్ట్రాలు బలవంతపు ఆపరేషన్లు చేస్తే, 1927లో సుప్రీంకోర్టు సరేనంది. మొత్తం మీద 60 వేల మందికి పైనే బలయ్యారు.

బ్రిగమ్ గురించి ఒక్క మంచి మాట చెప్పాలి. 1930లో, తన పుస్తకంలో జాతుల పోలికకి ఆధారమే లేదని తనే ఒప్పుకుంటూ అచ్చులో రాశాడు. కానీ ఆయన 1926లో తయారుచేసిన ఇంకో వస్తువు మాత్రం ఆగలేదు. దాని పేరు శాట్. అవును, పిల్లల్ని అమెరికాలో డిగ్రీకి పంపాలంటే ఇప్పటికీ రాయిస్తామే, అదే.

ఇదంతా దొరల గోల, మనకేంటి అంటారా? మన దగ్గరికి చాలా తొందరగానే వచ్చింది. తెలుగు జిల్లాలు సగం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కులాలవారీగా తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. దీనికి కాస్త ముందు బెంగాల్‌లో రిస్లీ దొర ముక్కు వెడల్పుకీ కులం ఎత్తుకీ లంకె పెట్టాడు. 1901-02లో కేంబ్రిడ్జి నుంచి డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ నీలగిరికి వచ్చి తోడాల చూపు, వినికిడి, నొప్పి, బొమ్మల భ్రమలు అన్నీ పరీక్షించాడు. దక్షిణాదిలో జరిగిన మొదటి మనస్తత్వ పరీక్షల్లో అవి ముఖ్యమైనవి. రివర్స్ నిజాయితీపరుడు. ‘అడవి మనుషులకి ఇంద్రియాలు అద్భుతం, ఆలోచన తక్కువ’ అనే అప్పటి ఊకదంపుడు నమ్మకానికి ఆయన కొలతలు సాయం రాలేదు. పైగా బాణం గుర్తుల మధ్య గీత పొడవు చూసి మోసపోయే భ్రమలో తోడాలు ఇంగ్లీషువాళ్ళకన్నా తక్కువ మోసపోయారు. ఆయన ఆ సంగతి ఉన్నదున్నట్టు 1905లో అచ్చేశాడు.

1921లో డి.ఎస్. హెరిక్ అనే ఆయన అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. దక్షిణ భారతంలో బ్రాహ్మణ పిల్లల్నీ, పంచమ పిల్లల్నీ (దళితుల్ని అప్పట్లో అలా రాసేవాళ్ళు), అమెరికా పిల్లల్నీ గొడ్డార్డ్ చెక్కబోర్డుతో పోల్చడం దాని విషయం. చెక్కలో రకరకాల ఆకారాల గుంటలుంటాయి, సరిపోయే దిమ్మల్ని గడియారం చూస్తుండగా పెట్టాలి. అందులో ఎవరికెంత వచ్చిందని నేనిక్కడ చెప్పబోవట్లేదు. అడగాల్సింది అంతకు ముందే ఉంది. 1921లో పంచమ పిల్లాడు ఊరి బడిలో మిగతా పిల్లల పక్కన కూర్చునే వీలు చాలా చోట్ల లేదు. వాణ్ణి మొదట బడిలోకి రానిచ్చి, తరవాత కదా గడియారం తియ్యాల్సింది?

లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ 1929లో బినే పట్టికకి హిందుస్తానీ రూపం అచ్చేశాడు. బొంబాయి ప్రెసిడెన్సీలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం ఇంకోటి తయారుచేసి 1940లో పుస్తకంగా తెచ్చాడు. ఈ కామత్ పరీక్ష గట్టి పిండం. మన ఆసుపత్రుల్లో, బాలల క్లినిక్కుల్లో దశాబ్దాల పాటు, మొన్నమొన్నటి దాకా అదే దిక్కు. కలకత్తాలో మహలనోబిస్ మనుషుల కొలతల మీద పనిచేస్తూనే 1936లో తన పేరుతో ఉన్న ‘దూరం’ సూత్రాన్ని ఇచ్చాడు, మెషిన్ లెర్నింగు చేసేవాళ్ళకి అది పరిచయమే. ఆయన దగ్గర చేరిన మన తెలుగువాడు, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు (2023లో, 102 ఏళ్ళకి కన్నుమూశారు), 1955లో ఫ్యాక్టర్ ఎనాలిసిస్ మీద ఒక ముఖ్యమైన పేపరు ఇచ్చాడు. తెలివిని ముక్కలుగా విడదీయడానికి స్పియర్‌మన్ 1904లో మొదలుపెట్టిన లెక్కని గట్టి పునాది మీద నిలబెట్టిన పనుల్లో అదొకటి.

ఇక నాకు బాగా నచ్చిన ఘట్టం కాకినాడ. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్‌కి ఒక సిద్ధాంతం ఉండేది. దేశాలు బాగుపడటానికి కారణం మనుషుల్లో ‘ఇంకా బాగా చెయ్యాలి’ అనే తపన, దాన్ని కొలవొచ్చు అని. ఎలా? బొమ్మ చూపించి కథ రాయమంటారు. కథలో ఆ తపన ఎంతుందో మార్కులు వేస్తారు. దీన్ని ఉత్త సిద్ధాంతంగా వదలకుండా 1964లో కాకినాడ వ్యాపారుల మీద ప్రయోగం చేశాడు. హైదరాబాదులో అప్పటికి రెండేళ్ళ కిందటే పెట్టిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, సియెట్ (ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ సంస్థ), దీనికి వేదిక. పోలిక కోసం ట్రైనింగు ఇవ్వని ఊరు రాజమండ్రి.

ట్రైనింగులో మొదటి పాఠం ఏంటనుకున్నారు? ఆ కథలకి మార్కులు ఎలా వేస్తారో వ్యాపారులకే నేర్పడం! కొలబద్దని కొలవబడేవాడి చేతికే ఇచ్చేశారు. ఏ కథకి ఎక్కువ మార్కులొస్తాయో తెలుసుకుని అలాంటి కథలు రాసేవాళ్ళు. జాతరలో సబ్బుబిళ్ళ మీద రింగు వేసినట్టు, కొయ్య మీదకి రింగులు విసిరే ఆట కూడా ఉండేది. మరీ దగ్గర్నుంచి విసురుతున్నావా, అందనంత దూరం నుంచా, లేక కష్టపడితే పడేంత దూరం నుంచా అని తమని తామే చూసుకోవాలి. ఆ తరవాత ఏళ్ళలో వీళ్ళ వ్యాపారాలు ఎలా నడిచాయో గమనించి, మెక్లెలాండ్, వింటర్ కలిసి 1969లో పుస్తకం రాశారు. ట్రైనింగు తీసుకున్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా చురుగ్గా కొత్త పనులు పెట్టారనీ, సంప్రదాయం, ఆచారాలు అడ్డం రాలేదనీ వాళ్ళు తేల్చారు. వాళ్ళ పద్ధతి మీద తరవాత చాలా విమర్శలొచ్చాయి, అది వేరే చర్చ. నాకు ముఖ్యమనిపించింది ఇది: గొడ్డార్డ్ చేతిలో పరీక్ష అంటే తీర్పు. కాకినాడలో అదే పరీక్ష పాఠం అయింది. గాల్టన్ వంశపారంపర్యం అన్న గుణాన్ని ఇక్కడ పదిరోజుల క్లాసులో నేర్పడానికి చూశారు. తెలిసో తెలియకో బినే దారికి దగ్గరగా వచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగు కూడా కొలబద్దని కుర్రాళ్ళ చేతికిచ్చేదే కదా, మరి అది మంచిదేనా అని మీరడగొచ్చు. సగం మంచిదే. ‘పుట్టుతెలివి’ అని పేరు పెట్టిన రీజనింగు ఆర్నెల్ల బ్యాచిలో వచ్చేస్తోందంటే అది పుట్టుతెలివి కాదని మా వీధి కుర్రాళ్ళు రోజూ రుజువు చేస్తున్నట్టే. బాధ ఎక్కడంటే, అక్కడ నేర్చుకున్నది పరీక్షహాలు గేటు దాటాక దేనికీ పనికిరాదు. కాకినాడ వ్యాపారి కనీసం తన కొట్టుకి తిరిగెళ్ళాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి.

1984లో సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్రప్రభుత్వం జాతీయ సంస్థ పెట్టింది. తరవాత పేరులో ఆ మాట తీసేసి ‘దివ్యాంగజన్’ వైపు మార్చారు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 40 శాతం వైకల్యం ఉంటే సౌకర్యాలు. మరి బుద్ధిలో 40 శాతం ఎలా లెక్కపెట్టాలి? 2001 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఐక్యూని పట్టుకున్నాయి. 50 నుంచి 69 దాకా అయితే 50 శాతం వైకల్యం. 70 నుంచి 79 అయితే 25 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతాల మొదలైన సదరం క్యాంపుల్లో డాక్టరు కొలిచింది కంప్యూటరెక్కి సర్టిఫికెట్టు అచ్చయ్యేది. లెక్క చూశారుగా, 69 వస్తే పెన్షను, 70 వస్తే లేదు.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు విషయంలో కొన్నేళ్ళ కిందట ఇదే జరిగింది. మొదటిసారి 68 వచ్చింది, పెన్షను వచ్చింది. టెంపరరీ సర్టిఫికెట్టు కాబట్టి గడువయ్యాక మళ్ళీ ఒక ఆసుపత్రిలో పరీక్ష పెట్టారు. ఆ కాయితం నాకు చూపించి అడిగాడు:

“సార్, ఈసారి డెబ్బై ఒకటి వచ్చిందట. పెన్షన్ బంద్ అంటున్నరు. పోరడు హుషారైండని సంతోషపడాల్నా, ఏడ్వాల్నా మీరే చెప్పున్రి.”

నేనేం చెప్పను? పిల్లాడు అదే పిల్లాడు. చొక్కా గుండీలు ఇప్పటికీ వాళ్ళమ్మే పెట్టాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రోడ్డు దాటలేడు. మళ్ళీ అర్జీ పెట్టుకుంటే ఇంకోచోట ఇంకొకరు కొలిచారు, 66. పెన్షను తిరిగి మొదలైంది. మధ్యలో ఎనిమిది నెలల డబ్బులు పోయాయి.

68, 71, 66. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. మంచి ఐక్యూ పరీక్షలకే మూడు నుంచి ఐదు పాయింట్ల వరకు అటూఇటూ తేడా మామూలు, అది ఆ రంగంలో అందరూ ఒప్పుకునే సంగతి. పైగా తరాలు గడిచేకొద్దీ స్కోర్లు పదేళ్ళకి సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయని 1980లలో జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. అంటే పాతకాలం పిల్లలతో సరితూచిన పరీక్ష పెడితే ఇవాళ్టి పిల్లాడికి ఉన్నదానికన్నా ఎక్కువ అంకె వచ్చే ప్రమాదం ఉంది. కాయితం మీద ఎక్కువ, ఇంట్లో పెన్షను లేదు.

సరిగ్గా ఇదే 71 మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకి మరణశిక్ష వెయ్యకూడదని 2002లో తీర్పొచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రం మాత్రం 70 దాటితే ఇంకే ఆధారమూ చూడనంది. ఫ్రెడీ లీ హాల్ అనే ఖైదీ స్కోరు 71. కొలతలో ఉండే తేడాని లెక్కలోకి తీసుకోకుండా ఒక్క అంకె దగ్గర గీత గీయడం కుదరదని 2014లో కోర్టు చెప్పింది. అక్కడ ప్రాణం, ఇక్కడ నెలకింత పెన్షను. గీత గీసిన పద్ధతి ఒకటే.

మన దగ్గర కూడా 2018లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసే స్కేలుకి పెద్దపీట వేశారు. దాని పేరు వైన్‌ల్యాండ్ స్కేలు. అవును, గొడ్డార్డ్ పనిచేసిన ఆ వైన్‌ల్యాండే! అక్కడే పనిచేసిన ఎడ్గర్ డాల్ 1935లో తయారుచేశాడు. చొక్కా వేసుకుంటాడా, తనంతట తాను తింటాడా, బజారుకెళ్ళి వస్తాడా... ఇలాంటివి అడుగుతుంది. అంటే బినే అడిగిన ప్రశ్న దగ్గరికి, సాయం ఎక్కడ కావాలి అన్న చోటికి, ఓ వందేళ్ళు చుట్టూ తిరిగి వచ్చాం.

ఈ కథలో మనం, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళం, ఎక్కడున్నాం? సరిగ్గా అంకె నుంచి ప్రశ్న ఊడిపోయే చోట. డాక్టరు తన నోట్సులో పిల్లాడికి జ్వరం ఉందనో, ఇంట్లో మాట్లాడే యాస వేరనో రాసుంటాడు. మన డేటాబేసులో దానికి కాలమ్ లేదు. స్కోరు అని ఒక ఇంటీజరు కాలమ్, దాని మీద 70 దగ్గర ఒక ఇఫ్ కండిషన్. స్పెక్‌లో అలాగే ఉంది మరి, అంటాం. అప్రైజల్లో ఎనిమిదిమంది టీముని బెల్ కర్వ్‌లో ఇరికించే స్క్రీను రాసినవాడు కూడా అదే అని ఉంటాడు. లక్షల మందికి సరిపోయే గంట ఆకారాన్ని ఎనిమిదిమంది మీద బోర్లిస్తే ఒకరి తల నలగాల్సిందే. మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2013లో అది మానేశారు.

కొలతలు వద్దని నేననను. బినే పట్టిక లేకపోతే ఆ పారిస్ పిల్లల్ని టీచరు నోటిమాట మీద తోసేసేవాళ్ళు. సదరం లేని రోజుల్లో సర్టిఫికెట్టుకి ఎవరెవరి చేతులు తడపాల్సొచ్చేదో ఊళ్ళల్లో అడిగితే చెబుతారు. నేనడిగేది చిన్న పని. మీ ప్రాజెక్టులో మనిషికి సంబంధించిన స్కోరు ఏదైనా ఉంటే, దాని పక్కన ఇంకో నాలుగు కాలమ్‌లు పెట్టించండి: ఏ పరీక్ష, ఏ తేదీన, ఎంత తేడా ఉండొచ్చు, ఏం తెలుసుకోవడానికి కొలిచారు. గీతకి అటూ ఇటూ ఐదు పాయింట్లలో ఉన్నవాళ్ళని కంప్యూటరు ‘కాదు’ అనకుండా ఒక మనిషి దగ్గరికి పంపించండి. రిక్వైర్‌మెంట్ మీటింగులో ఇది అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. క్లయింటు విసుక్కుంటాడు, మేనేజరు డెడ్‌లైను గుర్తుచేస్తాడు. అయినా అడగండి. అటువైపు ఎనిమిది నెలల పెన్షను ఉంది.